తెల్ల వ్యాన్ కేసు: ఒక పుకారు వెనక తొమ్మిది రోజులు

మంగళవారం ఉదయం ఏడు దాటి పది నిమిషాలకు ఫోన్ వచ్చింది. అవతల ఒక స్కూలు హెడ్మిస్ట్రెస్. "మేడమ్, నిన్న ప్రైమరీలో సగం మంది పిల్లలు రాలేదు. ఇవాళ ఆ వచ్చినవాళ్లు కూడా రారేమోనని టెన్షన్‌గా ఉంది. తెల్ల వ్యాన్‌లో ఎవరో తిరుగుతూ పిల్లల్ని ఎత్తుకుపోతున్నారట. ఇద్దరు కనబడట్లేదట. మీరు ఇలాంటివి తేలుస్తారని ఎవరో చెప్పారు" అన్నారు.

"మీ స్కూల్లో ఎవరైనా కనబడకుండా పోయారా?" అని అడిగాను.

"లేదు మేడమ్. నేనే ప్రతి క్లాసు రిజిస్టరూ చూశాను. రాని పిల్లల ఇళ్లకు ఫోన్లు చేయించాను. అందరూ ఇంట్లోనే ఉన్నారు." కాసేపాగి, "అయినా మా అమ్మాయిని ఇవాళ నేనే కాలేజీలో దింపి వచ్చాను" అన్నారు.

ఆ చివరి మాటను నా నోట్సులో మొదటి లైనుగా రాసుకున్నాను. రిజిస్టర్లు స్వయంగా చూసిన మనిషి ఆవిడ. అందరూ క్షేమమని ఆవిడకు తెలుసు. కానీ కూతురి దగ్గరికి వచ్చేసరికి పుకారు నిజమైనట్టే నడుచుకున్నారు. అందులో నాకు తప్పేమీ కనిపించలేదు. ఏ తల్లయినా అదే చేస్తుంది. ఈ కేసులో నేను నేర్చుకున్నదంతా చివరికి ఆ ఒక్క లైను దగ్గరికే తిరిగి వచ్చింది.

నా పని నిజ నిర్ధారణ. జనంలో తిరిగే ఫొటో, వీడియో, మెసేజ్ ఎక్కడిదో, ఎప్పటిదో వెతికి చెప్పడం. ఎక్కువ భాగం కంప్యూటర్ ముందు కూర్చుని చేసేదే. ఈ కేసు మాత్రం కాళ్లతో చేయాల్సి వచ్చింది. సంబంధించిన వాళ్ల అనుమతితోనే రాస్తున్నాను. ఊరు, స్కూలు, మనుషుల పేర్లు తీసేశాను.

చేతికందిన నాలుగు రూపాలు

మొదట చేసిన పని, ఎవరి ఫోన్లో ఏముందో యథాతథంగా సేకరించడం. "నాకు పంపకండి, ఆ మెసేజ్ వచ్చిన టైముతో సహా స్క్రీన్ చూపించండి" అని అడిగాను. ఫార్వర్డ్ చేస్తే టైము మారిపోతుంది, ఎవరి నుంచి వచ్చిందో పోతుంది. రెండు రోజుల్లో నాలుగు రూపాలు దొరికాయి.

మొదటిది శుక్రవారం సాయంత్రం నాలుగు నలభైకి, రెండో తరగతి తల్లిదండ్రుల గ్రూపులో పడింది. "ఇవాళ స్కూలు వదిలాక గేటు దగ్గర ఒక తెల్ల వ్యాన్ ఆగింది. డ్రైవర్ మా బాబుని ఏదో అడిగాడట. పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు కాస్త చూసుకోండి."

రెండోది అదే రాత్రి, వేరే గ్రూపులో. "వ్యాన్ డ్రైవర్ చాక్లెట్ ఇచ్చి బాబుని ఎక్కించుకోబోయాడు. బాబు చెయ్యి విదిలించుకుని పరిగెత్తాడు."

మూడోది శనివారం మధ్యాహ్నం. ఇది రాత కాదు, వాయిస్ మెసేజ్. నలభై ఎనిమిది సెకన్లు. ఒక ఆడమనిషి గొంతు, మధ్యలో వణుకు. "ఇది ఫార్వర్డ్ మెసేజ్ కాదండీ, నేనే చెప్తున్నాను. ఆ స్కూలు దగ్గర ఇద్దరు పిల్లల్ని ఎత్తుకెళ్లిపోయారు. మా ఆడపడుచు వాళ్ల పక్కింటాయన పోలీసుల్లోనే ఉన్నారు, ఆయనే చెప్పారు. పేపర్లో రానివ్వట్లేదు. దయచేసి మీకు తెలిసిన ప్రతి తల్లికీ పంపండి."

నాలుగోది ఆదివారం పొద్దున. తలకు కట్టుతో ఒక పిల్లవాడి ఫొటో. కింద, వాయిస్ మెసేజ్‌లోని మాటలే.

ఫొటో సంగతి త్వరగా తేలింది. బొమ్మను పెట్టి వెతికితే కొన్నేళ్ల కిందట వేరే దేశంలో జరిగిన రోడ్డు ప్రమాదం వార్తలో కనిపించింది. ఈ పనిలో అన్నిటికన్నా తేలికైన భాగం అదే, అన్నిటికన్నా తక్కువ పనికొచ్చిందీ అదే. ఫొటో తప్పని చెప్పగానే, "ఫొటో ఎవరో తప్పుగా పెట్టుంటారు, విషయం మాత్రం నిజం" అన్నారు.

నాకు ముఖ్యమనిపించింది మొదటి రెండు మెసేజ్‌ల మధ్య తేడా. మొదటి మెసేజ్‌లో ప్రతి మాటా నిజం. ఆ తల్లి తాను చూడలేదని కూడా అందులోనే చెప్పింది. "ఏదో అడిగాడట." ఆ "ఏదో", ఆ చివరి "ట" చూడండి. మన భాషలో ఒక్క అక్షరం చాలు, నేను చూడలేదు, విన్నాను అని చెప్పడానికి. రెండో రూపానికి వచ్చేసరికి ముందు ఊడిపోయింది ఆ "ట". తర్వాత "ఏదో" పోయింది. ఖాళీ అయిన చోట చాక్లెట్ వచ్చి కూర్చుంది. మూడో రూపంలో "మా బాబు" పోయి "ఇద్దరు పిల్లలు" వచ్చారు. "అడిగాడు" అన్నది "ఎత్తుకెళ్లిపోయారు" అయింది.

ఇది కొత్తగా బయటపడిన సంగతేమీ కాదు. అమెరికాలో గోర్డన్ ఆల్‌పోర్ట్, లియో పోస్ట్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1947లో ప్రచురించిన పరిశోధనలో ఒకరికి బొమ్మ చూపించి, చూడని మరొకరికి వర్ణించమనేవారు. విన్నవాళ్లు ఇంకొకరికి చెప్పాలి. అయిదారు నోళ్లు మారేసరికి వివరాల్లో సుమారు 70 శాతం రాలిపోయేవి. మిగిలినవి పదునెక్కేవి. చెప్పేవాళ్ల మనసులో ముందే ఉన్న అనుమానాలకు తగ్గట్టు కథ ఒంగేది. పుకారు బలం రెండిటి మీద ఆధారపడుతుందని కూడా వాళ్లు అన్నారు: విషయం మనకు ఎంత ముఖ్యం, సమాచారం ఎంత మసగ్గా ఉంది. పిల్లల ప్రాణం కన్నా ముఖ్యమైంది లేదు. "ఏదో అడిగాడట" కన్నా మసకైన మాట లేదు.

వాయిస్ మెసేజ్‌ను మాత్రం చాలాసార్లు విన్నాను. దాని నేర్పు దానికుంది. అయితే ఎవరో కూర్చుని కుట్రతో తయారుచేశారని నేను అనుకోను. ఆ గొంతులో భయం నటన కాదు. ఎన్నో నోళ్ల మీదుగా అరిగి, నిలబడగలిగినవే మిగిలిన మాటలు అవి. "ఇది ఫార్వర్డ్ కాదు" అనడంతో అనుమానానికి ముందే తలుపు మూసేసింది. "పోలీసుల్లో ఉన్నాయన చెప్పారు" అనడంతో అధికారం వచ్చింది. "పేపర్లో రానివ్వట్లేదు" అన్న మాటయితే, రేపు ఎవరైనా ఖండించినా ఆ ఖండనే సాక్ష్యమయ్యేలా చేసింది. ఇక "ప్రతి తల్లికీ పంపండి" అన్నాక పంపకపోతే తల్లి కాదన్నట్టే.

ఒక్క మనిషి అవతల

బుధవారం నుంచి ఇళ్లకు వెళ్లడం మొదలుపెట్టాను. "ఇది నిజమని మీరు నమ్ముతున్నారా?" అని ఎవరినీ అడగలేదు. అలా అడిగితే మనిషి తనను తాను కాపాడుకోవడానికి చూస్తాడు. "మీకు ఎవరు చెప్పారు? వాళ్లకు ఎవరు చెప్పారు?" అంతే. ఈ ప్రశ్నకు కోపం రాదు. చాలామంది సాయం చేస్తున్నట్టే జవాబిచ్చారు, ఫోన్లు చేసి కనుక్కున్నారు కూడా.

పందొమ్మిది మందితో మాట్లాడాను. ఒక్కరు కూడా తాము చూశామని అనలేదు. ప్రతి ఒక్కరికీ, చూసిన మనిషి సరిగ్గా ఇంకొక్కరి అవతల ఉన్నారు. మా తోడికోడలి ఆఫీసులో ఒకావిడ. మా డ్రైవర్ వాళ్ల బావమరిది. నేను ఆ ఆఫీసు ఆవిడ దగ్గరికి వెళ్తే, ఆవిడకూ ఇంకొకరున్నారు. వాయిస్ మెసేజ్‌లోని పోలీసాయన కోసం నాలుగు దారుల్లో వెళ్లాను. నాలుగూ మళ్లీ అదే వాయిస్ మెసేజ్ దగ్గర ఆగాయి. ఒకరైతే "పోలీసాయన నాకే చెప్పారు" అన్నారు. కాస్త నెమ్మదిగా మాట్లాడాక, చెప్పింది ఆయన కాదని, మెసేజ్ విన్నాక ఆయనే చెప్పినట్టు గుర్తుండిపోయిందని వాళ్లే గ్రహించారు. ఆ నిమిషంలో వాళ్ల ముఖం చూసి నాకు జాలేసింది. అబద్ధం చెప్పాలని ఎవరూ చెప్పలేదు.

ఈ "తెలిసినవాళ్లకు తెలిసినవాళ్లు" అన్న మెట్టుకు ఇంగ్లండ్‌లో రాడ్నీ డేల్ అనే రచయిత 1978లోనే ఒక పేరు పెట్టాడు: స్నేహితుడి స్నేహితుడు. అమెరికాలో జాన్ హెరాల్డ్ బ్రున్‌వాండ్ తాను సేకరించిన ఇలాంటి కథలను 1981 నుంచి పుస్తకాలుగా వేసి, అర్బన్ లెజెండ్ (ఈ కాలపు కట్టుకథ) అన్న మాటను జనం నోళ్లలోకి తెచ్చాడు. దారిలో లిఫ్ట్ అడిగి కారెక్కిన అమ్మాయి ఇల్లు చేరేసరికి మాయమవడం, ఆమె ఎప్పుడో చనిపోయిందని తెలియడం ఆయన సేకరణలో పేరుమోసిన కథ. అదీ ఎప్పుడూ పక్క ఊళ్లో, తెలిసినవాళ్లకు తెలిసిన మనిషికే జరుగుతుంది. ఈ దూరం చాలా ముఖ్యం. నాకే జరిగిందంటే సాక్ష్యం అడుగుతారు. ఎవరికో జరిగిందంటే పట్టించుకోరు. ఒక్క మనిషి అవతల జరిగిందంటే, దగ్గరి మనిషి కాబట్టి నమ్మకం కుదురుతుంది, వెళ్లి అడగలేనంత దూరం కాబట్టి కథ బతుకుతుంది.

మాట్లాడిన వాళ్లలో సగం మంది ఒకే సామెత చెప్పారు: నిప్పు లేనిదే పొగ రాదు. నేను ఆ సామెతను కాదనలేదు. నిప్పు ఉంది. ఎంత నిప్పో చూడటమే నా పని.

1750 మే నెలలో పారిస్‌లో పిల్లల్ని ఎత్తుకుపోతున్నారని జనం వీధుల్లోకి వచ్చారు. రాజు జబ్బు నయం కావడానికి పిల్లల రక్తంలో స్నానం చేస్తున్నాడని చెప్పుకున్నారు. ఒక పోలీసు మనిషిని చంపేశారు. రక్త స్నానం కట్టుకథ. కానీ నగరంలో తిరుగాడే దిక్కులేని వాళ్లను పట్టుకోమని పోలీసులకు నిజంగానే ఆజ్ఞలున్నాయి, ఆ పేరుతో పనివాళ్ల పిల్లల్ని కూడా పట్టుకెళ్లారు. పుకారు మొత్తం అబద్ధమని కొట్టిపారేస్తే, నిజంగా పిల్లాడు పోయిన తల్లి మన మాట ఎందుకు వింటుంది?

మొదట మెసేజ్ పెట్టిన తల్లి

ఆవిడ ఇంటికి గురువారం వెళ్లాను. నిజానికి బుధవారమే వెళ్లాల్సింది, ధైర్యం చాల్లేదు. అప్పటికే గ్రూపులో ఆవిడ మీద విరుచుకుపడుతున్నారు. తలుపు తీయగానే, "అందరూ నన్నే అంటున్నారు మేడమ్. నేనేం తప్పు చేశానో మీరే చెప్పండి" అంది.

"మీ మెసేజ్‌లో ఒక్క తప్పు మాట కూడా లేదమ్మా. నేను మూడు రోజులుగా చదువుతున్న వాటిలో జాగ్రత్తగా రాసింది మీరొక్కరే" అన్నాను. ఆవిడ ఏడ్చేసింది.

బాబు లోపల్నుంచి వచ్చాడు. ఏడేళ్లు. వ్యాన్ ఆయన ఏమడిగాడని అడిగాను. "ఏడో నంబర్ బిల్డింగ్ ఎటు అని అడిగాడు. నేను అటు అని చూపించా" అన్నాడు. చాక్లెట్? "లేదు." చెయ్యి పట్టుకున్నాడా? "లేదు. థాంక్యూ బాబూ అన్నాడు." ఆ మాట అంటున్నప్పుడు వాడి ముఖంలో, దారి చెప్పగలిగినందుకు ఇంకా మిగిలిన కాస్త గర్వం కనిపించింది. ఆరు రోజులుగా ఇంతమంది ఆ బాబు గురించి మాట్లాడుకున్నారు. వాడిని ఇలా కూర్చోబెట్టి, బెదిరించకుండా, ఏం జరిగిందని అడిగిన వాళ్లు లేరు. వాళ్లమ్మ కూడా శుక్రవారం వాడు చెప్పిన ఒక్క ముక్క విని, భయంతో మిగతాది అడగలేదు.

నేను తప్పు చేసిన చోటు

ఇప్పుడు వెనక్కి వెళ్లాలి. మంగళవారం మధ్యాహ్నం, అంటే ఎవరినీ కలవకముందే, నేనొక పని చేశాను. కట్టు కట్టిన పిల్లవాడి ఫొటో మీద ఎర్ర అక్షరాలతో "ఫేక్" అని ముద్ర వేసి, కింద అసలు వార్త వివరం పెట్టి, స్కూలు ద్వారా అన్ని గ్రూపుల్లోకి పంపించాను. మా రంగంలో అందరూ చేసే పనే. పైన "తెల్ల వ్యాన్‌లో పిల్లల కిడ్నాప్ అంటూ ప్రచారం" అని హెడింగ్ పెట్టాను.

సాయంత్రానికి అదే బొమ్మ, ముద్ర ఉన్న పై భాగం కత్తిరించి, మళ్లీ తిరగడం మొదలైంది. "చూశారా, అందరూ దీని గురించే మాట్లాడుతున్నారు" అన్న మాటతో. అంతవరకు సంగతే తెలియని రెండు గ్రూపులకు మొదటిసారి చేరింది నా బొమ్మ ద్వారానే. ఒక మాటను పదేపదే వింటే అది నిజమనిపించడం మొదలవుతుందని 1977లో హాషర్, గోల్డ్‌స్టీన్, టొపీనో అనే పరిశోధకులు చూపించిన దగ్గర్నుంచి ఎన్నో ప్రయోగాల్లో తేలింది. నాకది తెలుసు. తెలిసీ, తొందరలో, పుకారును నా చేతులతో మరోసారి చెప్పాను.

స్కూలు కూడా ఇలాంటి పనే చేసింది. సోమవారం ఒక సర్క్యులర్ పంపింది: తెల్ల వ్యాన్ వార్తల దృష్ట్యా తల్లిదండ్రులు అప్రమత్తంగా ఉండగలరు. హెడ్మిస్ట్రెస్ ఉద్దేశం మంచిదే. కానీ స్కూలు ముద్ర పడ్డ కాగితం మీద ఆ రెండు మాటలు కనిపించగానే అనుమానమున్న వాళ్లకు కూడా అనుమానం తీరిపోయింది. 2019 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో ఇంతకన్నా పెద్ద ఎత్తున ఇదే జరిగింది. మోమో అనే భయంకరమైన బొమ్మ పిల్లల వీడియోల మధ్యలో వచ్చి ఆత్మహత్య చేసుకోమంటోందన్న కథ పుట్టింది. స్కూళ్లు హెచ్చరికలు పంపాయి, పోలీసులు పోస్టులు పెట్టారు. పిల్లల సంక్షేమ సంస్థలు మాత్రం దీనివల్ల హాని జరిగిందనడానికి ఆధారం లేదన్నాయి, హెచ్చరికలే పిల్లల్ని భయపెడుతున్నాయన్నాయి. ఆ బొమ్మ ఒక జపాన్ కళాకారుడు చేసిన శిల్పం. 2016లో టోక్యో గ్యాలరీలో పెట్టారు. ఎవరినీ ఏమీ చేయమని చెప్పలేదు.

నా తప్పుకు ఫలితం బుధవారం సాయంత్రం కనిపించింది. నా బొమ్మ ఒక్కటే కారణమని చెప్పలేను, కానీ అందులో నా వాటా ఉంది. స్కూలుకు రెండు వీధుల అవతల ఒక తెల్ల వ్యాన్‌ను ముప్పై నలభై మంది ఆపారు. అద్దం పగలగొట్టారు. డ్రైవర్‌ను కిందికి లాగి ఫోన్ లాక్కున్నారు. ఆ దారిలో వెళ్తున్న ఒక పెద్దావిడ అడ్డం నిలబడి, పోలీసులు వచ్చేదాకా కదల్లేదు. అతనికి భుజం మీద దెబ్బలు, మోచేతికి కుట్లు పడ్డాయి. కొరియర్ పార్సిళ్లు చేరవేసే మనిషి. శుక్రవారం ఏడో నంబర్ బిల్డింగ్ ఎటని అడిగింది అతనే.

ఆ రాత్రి నేను నిద్రపోలేదు. 2018 జులై 1న మహారాష్ట్రలో ధూలే జిల్లా రైన్‌పాడా గ్రామంలో సంచార జాతికి చెందిన అయిదుగురిని పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లనుకుని జనం కొట్టి చంపేశారు. వాళ్లలో ఒకరు ఒక చిన్నపిల్లతో మాట్లాడబోవడమే మొదలని అప్పుడు వార్తల్లో వచ్చింది. ఆ ఏడాది దేశంలో ఎన్నో చోట్ల తిరిగిన ఒక వీడియోలో బైకు మీద వచ్చినవాళ్లు వీధిలో ఆడుకుంటున్న పిల్లాడిని ఎత్తుకెళ్తారు. అది 2016లో కరాచీలోని ఒక స్వచ్ఛంద సంస్థ తీసిన అవగాహన చిత్రం. అసలు వీడియోలో పిల్లాడిని వెంటనే తిరిగి తెచ్చి దింపుతారు, పిల్లల్ని కనిపెట్టుకుని ఉండమని రాసిన అట్ట చూపిస్తారు. ఎవరో ఆ చివరి ముక్క కత్తిరించారు. పిల్లల్ని కాపాడటానికి తీసిన వీడియో ప్రాణాలు తీసే పుకారుకు ఆధారమైంది. 2019 మార్చిలో పారిస్ శివార్లలో తెల్ల వ్యాన్ పుకారు వల్లే యూరప్‌లో మైనారిటీ అయిన రోమా జాతి వాళ్ల మీద దాడులు జరిగాయి. కిడ్నాప్ ఒక్కటీ లేదని పోలీసులు స్పష్టంగా చెప్పారు.

ఎప్పుడు చూసినా దెబ్బ తగిలేది ముందే పరాయిగా చూసే మనిషికి. 1969లో ఫ్రాన్స్‌లోని ఓర్లియాన్స్‌లో బట్టల షాపుల్లో అమ్మాయిలకు మత్తు సూది వేసి అమ్మేస్తున్నారన్న పుకారు లేచింది. ఆ షాపుల యజమానులు యూదులు. ఊళ్లో ఒక్క అమ్మాయి కూడా కనబడకుండా పోలేదు. పేపర్లలో ఎందుకు రాలేదంటే, పేపర్లను కొనేశారన్నారు. అక్కడికి వెళ్లి అధ్యయనం చేసిన సామాజిక శాస్త్రవేత్త ఎడ్గార్ మోరాన్ బృందం ఇదంతా నమోదు చేసింది. "పేపర్లో రానివ్వట్లేదు" అని మా వాయిస్ మెసేజ్‌లో విన్నప్పుడు నాకు యాభై ఏళ్ల కిందటి ఆ ఊరే గుర్తొచ్చింది.

మార్చిన పద్ధతి

పోలీస్ స్టేషన్ ఇన్‌స్పెక్టర్ చాలా సహకరించారు. పిల్లలు తప్పిపోయిన ఫిర్యాదు ఒక్కటీ లేదని సంతకం చేసి కాగితం ఇచ్చారు. గ్రూపులో పెడితే వచ్చిన మొదటి జవాబు: "జనం భయపడతారని దాస్తున్నారు." కాగితం అబద్ధం కాదు, కానీ అది వచ్చిన దారి వేరు. పుకారు వచ్చింది తెలిసిన మనిషి గొంతులో. ఖండన వచ్చింది లెటర్‌హెడ్ మీద.

2018లో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి చేసిన పని గుర్తు చేసుకున్నాను. ఆవిడ ప్రకటన ఇచ్చి ఊరుకోలేదు. ఊరికొక పోలీసును కేటాయించి జనంతో కలిసిపోయేలా చేశారు. జానపద పాటల ద్వారా చెప్పించారు. అక్కడ పుకారు తిరిగింది, ప్రాణాలు మాత్రం పోలేదు. అందుకే గురువారం రాత్రి ఆ తల్లిని ఒక సాయం అడిగాను. మీరే మాట్లాడగలరా? మీ గొంతుతో?

ఆవిడ మొదట వద్దంది. భర్త కూడా వద్దన్నాడు. మళ్లీ గొడవల్లోకి వెళ్లడం ఎందుకన్నాడు. నేను ఒత్తిడి చేయలేదు. రాత్రి పదింటికి ఆవిడే ఫోన్ చేసి, "ఆ డ్రైవర్‌కు ఎలా ఉంది?" అని అడిగింది. కుట్లు పడ్డాయని చెప్పాను. "చేస్తాను" అంది.

ఆ వాయిస్ మెసేజ్‌ను ఆవిడ మూడుసార్లు రికార్డు చేసింది. నేను కోరినవి రెండే. మొదటి మాట పుకారు కాకూడదు, జరిగింది కావాలి. రెండోది, విన్నవాళ్లకు చేయడానికి ఒక పని మిగలాలి. భయపడిన మనిషి చేతులు ఖాళీగా ఉండవు. పని ఇవ్వకపోతే ఫార్వర్డ్ నొక్కుతాయి. ఆవిడ ఇలా అంది: "నేను రెండో తరగతి బాబు వాళ్లమ్మని. శుక్రవారం మా బాబుని కొరియర్ అతను ఏడో నంబర్ బిల్డింగ్ ఎక్కడని అడిగాడు. బాబు చెప్పాడు, అతను థాంక్స్ చెప్పి వెళ్లాడు. అంతే జరిగింది. నేను భయపడి మెసేజ్ పెట్టాను. తర్వాత కలిపినవి నావి కావు. ఆ అతన్ని నిన్న కొట్టారు, ఇప్పుడు ఆస్పత్రిలో ఉన్నాడు. మీ దగ్గర ఎవరైనా ఆ మెసేజ్ పెడితే నాకు ఫోన్ చేయమనండి. రేపు సాయంత్రం స్కూల్లో గేటు గురించి మాట్లాడుకుందాం, అందరూ రండి."

ఇందులో కిడ్నాప్ అన్న మాట లేదు. ఫేక్ అన్న మాట లేదు. ఎవరినీ తిట్టలేదు. దీన్ని గ్రూపుల్లోకి నేను వేయలేదు. మొదట పుకారు పంపిన వాళ్లలో నాకు దొరికిన పదకొండు మందిని ఒక్కొక్కరినీ అడిగాను, మీరు దాన్ని ఎక్కడెక్కడ పెట్టారో అక్కడే దీన్నీ పెట్టగలరా అని. తొమ్మిది మంది పెట్టారు. ఒకాయన తన తరఫున "నేనూ పంపాను, సారీ" అని కలిపి పెట్టారు. ఆ ఒక్క లైను నేను చేసిన ఏ బొమ్మకన్నా ఎక్కువ పనిచేసింది.

అబద్ధం కన్నా నిజం నెమ్మదిగా నడుస్తుందన్నది కొలిచి చూసిన సంగతే. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ పరిశోధకులు 2006 నుంచి 2017 వరకు ట్విట్టర్‌లో తిరిగిన సుమారు 1,26,000 కథనాలను పరిశీలించి 2018లో ఫలితాలు ప్రచురించారు. 1,500 మందికి చేరడానికి నిజమైన కథనానికి, అబద్ధపు కథనానికి పట్టిన దానికి సుమారు ఆరు రెట్ల సమయం పట్టింది. దానికి కారణం వాటంతటవే పోస్టులు పెట్టే ప్రోగ్రాములు (బాట్లు) కాదు, మనుషులేనని కూడా వాళ్లు తేల్చారు. వాట్సాప్ 2018లో మన దేశంలో ఫార్వర్డ్‌ను ఒకసారికి అయిదు చాట్‌లకు తగ్గించింది. చాలాసార్లు ఫార్వర్డ్ అయిన వాటిని 2020 ఏప్రిల్ నుంచి ఒక్క చాట్‌కే పరిమితం చేసింది. ఆ చివరి మార్పు తర్వాత అలాంటి మెసేజ్‌లు 70 శాతం తగ్గాయని కంపెనీ చెప్పింది. వేలికి కాస్త శ్రమ పెంచితే పుకారు నెమ్మదిస్తుందన్నమాట. వాయిస్ మెసేజ్‌ను సొంత గొంతుతో మళ్లీ రికార్డు చేసి పంపేవాళ్లను మాత్రం ఏ పరిమితీ ఆపలేదు. మా కేసులో కనీసం ఇద్దరు అలా చేశారు.

శుక్రవారం మీటింగ్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. చాలామంది వచ్చారు, సగం సేపు అరుపులే. ఒక తండ్రి లేచి, "రేపు నిజంగా జరిగితే మీరు బాధ్యత తీసుకుంటారా?" అన్నాడు. జరగదని నేను చెప్పలేదు. పిల్లలు తప్పిపోవడం నిజమైన సమస్య. కాకపోతే దాని రూపం వ్యాన్ కథలా ఉండదు. అమెరికా న్యాయశాఖ కోసం జరిగిన జాతీయ అధ్యయనంలో, కథల్లో చెప్పుకునే తరహా తీవ్రమైన అపరిచితుల కిడ్నాప్‌లు 1999లో దేశం మొత్తం మీద 115 అని అంచనా వేశారు. ఇల్లు వదిలి వెళ్లిపోయిన పిల్లలు, దారి తప్పినవాళ్లు, విడిపోయిన తల్లిదండ్రుల్లో ఒకరు తీసుకెళ్లినవాళ్లు దానికి ఎన్నో రెట్లు. అది చెప్పి, గేటు దగ్గర ఎవరెవరు నిలబడాలి, ఎవరు వస్తే పిల్లాడిని పంపాలి అన్నదానికి మాట మళ్లించాం. చివరికి ఆరుగురు తల్లిదండ్రులు వారాలు పంచుకున్నారు. వెనక కూర్చున్న ఒక తాతగారు మీటింగ్ అయ్యాక నా దగ్గరికి వచ్చి, "మా చిన్నప్పుడూ ఇదే కథమ్మా. అప్పుడు జీపు" అన్నారు.

శనివారానికి హాజరు దాదాపు మామూలైంది. పుకారు తొమ్మిదో రోజు అది.

తర్వాత

రెండు నెలలకు ఆ నలభై ఎనిమిది సెకన్ల వాయిస్ మెసేజ్ మళ్లీ వచ్చింది. స్కూలు పేరు చోట వేరే ఊరు, మిగతా అంతా అదే, పోలీసాయనతో సహా. దాన్ని నాకు మొదట పంపింది ఆ తల్లే. వచ్చిన టైము, ఎవరి నుంచి వచ్చిందో స్క్రీన్ ఫొటో తీసి పెట్టింది. పంపినావిడతో తాను అప్పటికే ఫోన్లో మాట్లాడేశానని రాసింది.

వ్యాన్ డ్రైవర్‌ను రెండుసార్లు కలిశాను. మొదటిసారి ఆస్పత్రిలో. అప్పుడు ఏమీ మాట్లాడలేదు. మీటింగ్‌లో ఒకరిద్దరు వసూలు చేసి అద్దానికి డబ్బిచ్చారు, తీసుకున్నాడు. కొట్టినవాళ్ల మీద కేసు నడుస్తోంది. రెండోసారి కలిసినప్పుడు వ్యాన్ రెండు పక్కలా పెద్ద అక్షరాలతో కంపెనీ పేరు రాయించి ఉంది. ఏడో నంబర్ బిల్డింగ్‌కు ఇంకా పార్సిళ్లు తెస్తున్నాడా అని అడిగాను. తెస్తున్నానన్నాడు. స్కూలు వదిలే వేళ మాత్రం ఆ వీధిలోకి రాడు. అడ్రస్ తెలియకపోతే వ్యాన్ దూరంగా ఆపి, దిగకుండా, ఫోన్ చేసి కనుక్కుంటాడు.